మూత్రం ఎక్కువ పోయే జబ్బుకు మూత్రం పోయించే మాత్ర ఎందుకు? డయాబెటిస్ ఇన్‌సిపిడస్, థయాజైడ్ మందులు

రేణిగుంట_నాన్న
అందరికీ నమస్కారం. మాది తిరుపతి, రేణిగుంట రోడ్డు. మా అబ్బాయికి ఆరేళ్ళు. పసితనం నుంచీ నీళ్ళకు అలమటిస్తాడు. రాత్రుళ్ళు కూడా లేచి చెంబెత్తి తాగుతాడు, కాసేపటికే మళ్ళీ ఒంటికి పోతాడు. షుగరేమోనని భయపడి పరీక్ష చేయిస్తే షుగర్ లేదు. చివరికి నెఫ్రోజెనిక్ డయాబెటిస్ ఇన్‌సిపిడస్ అని తేల్చారు. మెదడు నుంచి రావాల్సిన హార్మోన్ వస్తూనే ఉందట, కిడ్నీయే దానికి స్పందించడం లేదట.

నిన్న డాక్టరు గారు హైడ్రోక్లోరోథయాజైడ్, అమిలోరైడ్ రాశారు. ఉప్పు బాగా తగ్గించమన్నారు. ఓపీలో జనం ఎక్కువ, వివరంగా అడిగే వీలు కాలేదు. మందుల షాపులో చీటీ ఇస్తే అక్కడాయన "ఇది బీపీకి, కాళ్ళ వాపుకు ఇచ్చే మాత్ర కదన్నా, ఒంట్లో నీరు లాగేస్తుంది, పిల్లోడికి ఇదేంది?" అన్నాడు. అది విన్నప్పటి నుంచి మా అమ్మకు ఒకటే టెన్షన్. అసలే బకెట్లకొద్దీ పోతుంటే ఇంకా పోయించే మాత్ర వేస్తారా అని మాత్ర డబ్బా దాచిపెట్టింది. రేపు పొద్దున డాక్టరు గారికి ఫోన్ చేస్తాను. ఈలోపు తెలిసినవాళ్ళు ఎవరైనా చెబితే ఇంట్లో నచ్చజెప్పుకుంటాను.

పాకాల_సుధ
అన్నా, కంగారు పడొద్దు. మా చెల్లెలి కొడుక్కి కూడా ఇదే జబ్బు, ఇవే రెండు మాత్రలు. వాడికి మూత్రం తగ్గింది. ఎందుకు తగ్గుతుందో మాత్రం నాకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్తారు.

ఫిజియాలజీ_టీచర్
రేణిగుంట నాన్న గారూ, మీ డాక్టరు గారు సరైన మందే రాశారు. మందుల షాపతను చెప్పిందీ అబద్ధం కాదు. అది నిజంగా మూత్రం పోయించే మాత్రే. ఈ జబ్బులో మాత్రం దాని ఫలితం తిరగబడుతుంది. మెడికల్ విద్యార్థులు కూడా మొదటిసారి విన్నప్పుడు నమ్మరు, అందుకని కొంచెం నిదానంగా చెబుతాను.

పెద్దవాళ్ళలో రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. మనం పోసేది లీటరున్నర, రెండు లీటర్లే. మిగతాదంతా దారిలో వెనక్కి, రక్తంలోకి వెళ్ళిపోతుంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు కిడ్నీ గొట్టం మొదటి భాగంలోనే వెనక్కి పోతాయి. ఇక్కడ ఉప్పు వెంట నీరు వెళుతుంది, హార్మోన్ అవసరమే లేదు. చివర్లో ఉండే సేకరణ నాళం దగ్గర మాత్రం వాసోప్రెసిన్ అనే హార్మోన్ కావాలి. అది వచ్చి తగిలితే నాళం గోడలో అక్వాపోరిన్-2 అనే నీటి ద్వారాలు తెరుచుకుంటాయి, నీరు లోపలికి వెళుతుంది, మూత్రం చిక్కబడుతుంది. మీ బాబుకు పనిచేయనిది ఈ చివరి ఘట్టమే. సేకరణ నాళం దాకా ఎంత వస్తే దాదాపు అంతా మూత్రంగా బయటికి పోతుంది.

కాబట్టి చివర్లో బాగుచేయలేనప్పుడు, చివరికి వచ్చే నీటినే తగ్గించాలి. మీకు రాసిన హైడ్రోక్లోరోథయాజైడ్, అంటే థయాజైడ్ రకం మందు, చేసేది అదే. ఆ మందు సేకరణ నాళానికి కాస్త ముందున్న భాగంలో సోడియం వెనక్కి వెళ్ళకుండా ఆపుతుంది. దాంతో మొదట కొంత ఉప్పు, కొంత నీరు ఎక్కువగానే పోతాయి. ఒంట్లో ఉప్పు కొద్దిగా తగ్గేసరికి రక్తనాళాల్లోని ద్రవం కూడా కొద్దిగా తగ్గుతుంది. శరీరం దాన్ని గుర్తించి, గొట్టం మొదటి భాగంలోనే ఉప్పునూ నీటినీ ఇంకా గట్టిగా లాగేసుకుంటుంది. ఇక కిందికి వచ్చేది తక్కువ, కాబట్టి మూత్రమూ తక్కువ. ఉప్పు తగ్గించిన తిండి తోడైతే మూత్రం సగం దాకా తగ్గిన పిల్లలున్నారు. అందరికీ అంత తగ్గకపోవచ్చు.

ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. ఇదే రకం మందు క్లోరోథయాజైడ్ 1958లో మార్కెట్లోకి వచ్చింది. మరుసటి ఏడాదే, 1959లో, క్రాఫర్డ్, కెనెడీ అనే ఇద్దరు అది డయాబెటిస్ ఇన్‌సిపిడస్‌లో మూత్రాన్ని తగ్గిస్తోందని నేచర్ పత్రికలో రాశారు. అప్పటి నుంచీ వాడుతున్నారు.

పలమనేరు_రైతుబిడ్డ
సార్, నాకు అర్థమైనట్టు చెప్తాను, తప్పైతే దిద్దండి. చెరువు కింద ఎగువ మడులవాళ్ళు గండి పెట్టుకుని నీళ్ళు ఎక్కువ మళ్ళించుకుంటే కాలువ చివరి మడికి వచ్చేది తక్కువే. చివరి మడికి గట్టు తెగిపోయి ఉన్నా, వచ్చేదే తక్కువ కాబట్టి పారిపోయేదీ తక్కువే. అంతేనా?

ఫిజియాలజీ_టీచర్
అంతే. మీరు చెప్పినట్టు చెబితే ఆ అవ్వ గారికి కూడా సులువుగా అర్థమవుతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. చివరి గట్టు తెగే ఉంటుంది. జబ్బు నయం కాలేదు, పోయే నీరు తగ్గింది, అంతే. మాత్ర ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది.

తిరుచానూరు_స్వామి
నాదొక సలహా. నేరేడు గింజల పొడి రోజూ పరగడుపున ఇవ్వండి, డయాబెటిస్‌కు చాలా మంచిది. నీళ్ళు కూడా కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రండి. తాగేది తగ్గితే పోసేదీ తగ్గుతుంది కదా.

చిత్తూరు_అమ్మ
స్వామి గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఆ రెండో మాట చాలా ప్రమాదం. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

మా బాబుకు ఇప్పుడు పదమూడేళ్ళు, ఇదే జబ్బు. ఈ పిల్లలు మూత్రం ఎక్కువ పోసేది నీళ్ళు తాగుతున్నందుకు కాదు. మూత్రం పోతోంది కాబట్టే తాగుతున్నారు. నీళ్ళు ఆపినా మూత్రం ఆగదు. ఒళ్ళు ఎండిపోతుంది, రక్తంలో సోడియం పెరుగుతుంది. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాల్సింది 160 దాటితే పిల్లోడు మత్తుగా పడిపోతాడు, ఫిట్స్ కూడా రావచ్చు. పసిపిల్లలు దాహమని చెప్పలేరు. ఊరికే ఏడుస్తారు, పాలు కక్కుతారు, జ్వరం వస్తుంది, బరువు పెరగరు. మా వాడికి మొదట్లో అదే జరిగింది, అందరూ ఇన్‌ఫెక్షన్ అనే అనుకున్నారు. నీళ్ళు ఎప్పుడడిగినా ఇవ్వాలి, ఎంతడిగినా ఇవ్వాలి, రాత్రి నిద్రలేపి కూడా ఇవ్వాలి.

నేరేడు గింజల సంగతికొస్తే, అది షుగర్‌కు వాడేది. ఇది షుగర్ జబ్బే కాదు. పేరులో డయాబెటిస్ అని ఉంది, అంతే. బంధువులు కూడా "స్వీట్లు పెట్టొద్దు, ప్రసాదం లడ్డు పెట్టొద్దు" అంటుంటారు. మా వాడు లడ్డు తింటాడు, ఏమీ కాదు. ఊరగాయతోనే మాకు తంటా.

ఫిజియాలజీ_టీచర్
అమ్మ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పేరు వల్ల ఆసుపత్రుల్లో కూడా పొరపాట్లు జరుగుతున్నాయనే 2022లో అంతర్జాతీయ నిపుణులు ఈ పేర్లు మార్చాలని ప్రతిపాదించారు. ఏవీపీ అంటే పైన చెప్పిన వాసోప్రెసిన్ హార్మోనే. మెదడు నుంచి ఆ హార్మోన్ రాని రకాన్ని ఏవీపీ డెఫిషియెన్సీ అని, కిడ్నీ స్పందించని రకాన్ని ఏవీపీ రెసిస్టెన్స్ అని అంటున్నారు. రిపోర్టుల్లో ఇక మీదట ఈ పేర్లు కనిపిస్తే ఇంకేదో కొత్త జబ్బు అనుకోవద్దు.

పుత్తూరు_బీఫార్మసీ
సార్, నాదొక సందేహం. మూత్రం పోయించే మందు ఏదైనా సరిపోతుందా మరి? లాసిక్స్ ఇంకా బలమైనది కదా, అది ఇస్తే ఇంకా బాగా తగ్గాలి కదా?

ఫిజియాలజీ_టీచర్
మంచి ప్రశ్న. లాసిక్స్, అంటే ఫ్యూరోసెమైడ్, కిడ్నీ గొట్టం మధ్యలో ఉండే హెన్లీ వంపులో పనిచేస్తుంది. కిడ్నీ లోపలి భాగంలో ఉప్పు చిక్కదనాన్ని తయారుచేసేది ఆ వంపే. సేకరణ నాళంలో నీటిని వెనక్కి లాగే శక్తి అంతా ఆ చిక్కదనంలోనే ఉంది, ఫ్యూరోసెమైడ్ దాన్నే చెరుపుతుంది. పైగా మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతుంది. థయాజైడ్ పనిచేసే చోటు ఆ వంపు దాటాక, కిడ్నీ పైపొరలో ఉంటుంది. అది లోపలి చిక్కదనం జోలికి పోదు. పైగా మూత్రాన్ని పలచన చేసే చోట్లలో అదొకటి, అక్కడ ఉప్పు వెనక్కి వెళ్ళకపోతే మూత్రం మరీ నీళ్ళలా పలచబడదు. అందుకే ఈ జబ్బుకు థయాజైడ్‌నే ఎంచుకుంటారు.

అమిలోరైడ్ ఎందుకంటే, థయాజైడ్ వల్ల పొటాషియం పడిపోతుంది, అమిలోరైడ్ దాన్ని నిలబెడుతుంది.

రేణిగుంట_నాన్న
సార్, అమ్మా, అందరికీ చాలా థ్యాంక్స్. కాలువ సంగతి చెప్పేసరికి మా అమ్మ డబ్బా బయటికి తీసింది. పొద్దున డాక్టరు గారితో కూడా మాట్లాడాను, ఇదే చెప్పారు, మొదలుపెట్టాం. ఇప్పుడు ఉప్పు గురించి చెప్పండి. "బాగా తగ్గించండి" అంటే ఎంత? మా ఇంట్లో ఊరగాయ లేనిదే ముద్ద దిగదు.

ఫిజియాలజీ_టీచర్
ఎంత అన్నది పిల్లాడి బరువును బట్టి డైటీషియన్ చెప్పాలి. ఎందుకు అన్నది లెక్క వేసి చూపిస్తాను.

ఈ జబ్బున్నవాళ్ళ మూత్రం ఎప్పుడూ పలచగానే ఉంటుంది. మూత్రంలో కరిగిన ఉప్పు లాంటి పదార్థాలను మిల్లీఆస్మాల్స్‌లో కొలుస్తారు. లీటరు మూత్రంలో 100 మిల్లీఆస్మాల్స్ మాత్రమే పోతున్నాయి అనుకుందాం. 1 గ్రాము ఉప్పు ఒంట్లోకి వెళితే సుమారు 34 మిల్లీఆస్మాల్స్. అంటే ఆ ఒక్క గ్రామును బయటికి పంపడానికే 340 మిల్లీలీటర్ల మూత్రం కావాలి. ఒక టీస్పూను ఉప్పు, 5 గ్రాములనుకుంటే, 1.7 లీటర్లు. కిడ్నీ బాగున్న మనిషి మూత్రాన్ని 1200 దాకా చిక్కబరచగలడు, కాబట్టి అదే ఒక గ్రాముకు 30 మిల్లీలీటర్లు చాలు. మనకు కనిపించని తేడా ఆ బిడ్డకు ఎంత పెద్దదో చూడండి.

ఇంకో సంగతి. థయాజైడ్ పని ఒంట్లో ఉప్పు కొద్దిగా తగ్గడం మీదే ఆధారపడి ఉంది. మాత్ర వేసి, అప్పడాలూ ఊరగాయా పెడితే పోయిన ఉప్పంతా తిరిగి వచ్చేస్తుంది, మాత్ర వేసీ లాభముండదు. ఉప్పు తగ్గించడమే సగం మందు.

చిత్తూరు_అమ్మ
సార్ లెక్క చెప్పారు, నేను వంటింటి సంగతి చెప్తాను.

మేం చేసింది ఏమంటే, పిల్లోడికి వేరే వంట మానేసి ఇంటిల్లిపాదీ ఉప్పు తగ్గించాం. వాడికొక్కడికే చప్పిడి పెడితే పక్క కంచం చూసి ఏడుస్తాడు. సంగటి వండేటప్పుడు ఉప్పు వేయం, చెనగ్గింజల ఊరిబిండిలో చింతపండు, ఎల్లిపాయ కొంచెం ఎక్కువ వేసి ఉప్పు చిటికెడుతో సరిపెడతాం. పప్పు దించే ముందు నిమ్మకాయ పిండితే ఉప్పు తక్కువని తెలియదు. మామిడికాయల కాలంలో మా ఇంట్లో జాడీలు నిండేవి, ఇప్పుడు పచ్చిమామిడి తురుమి అప్పటికప్పుడు తిరగమోత పెడతాం. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, మిక్చర్, చిప్స్, మ్యాగీ, సాస్ ఇంట్లోకి తేం. ప్యాకెట్ వెనక సోడియం ఎంతో చదవడం మా వాడికే అలవాటైంది. బేకరీ బన్నులో, బిస్కెట్లలో కూడా ఉప్పుంటుంది, తీపిగా ఉన్నాయి కదా అనుకోవద్దు.

పప్పు, గుడ్డు, పాలు మాత్రం సొంతంగా తగ్గించొద్దు. ప్రొటీన్ ఎక్కువైతే మూత్రం పెరిగే మాట నిజమే, కానీ ఎదిగే పిల్లలకు అది కావాలి. మా డాక్టరమ్మ ఆ సంగతి గట్టిగా చెప్పింది.

బడిలో లెటర్ ఇచ్చిపెట్టండి. క్లాసులో బాటిల్ దగ్గరే ఉండాలి, ఒంటికి వస్తుందంటే వెంటనే పంపాలి. మా వాణ్ని ఒకసారి క్లాసు అయ్యేదాకా కూర్చోబెట్టారు, లోపలే తడుపుకున్నాడు. పిల్లోడు చాన్నాళ్ళు బడికి వెళ్ళనన్నాడు. డాక్టరు సంతకంతో చీటీ ఇచ్చాక ఆ ఇబ్బంది రాలేదు.

కుప్పం_అక్క
మా చెల్లెలు బైపోలార్ అనే మానసిక జబ్బుకు ఏళ్ళ తరబడి లిథియం వాడుతోంది. తనకూ ఇలాగే విపరీతంగా దాహం, మూత్రం. లిథియం వల్ల కిడ్నీ ఇలా అయిందన్నారు. తను కూడా ఈ హైడ్రోక్లోరోథయాజైడ్ వేసుకోవచ్చా? షాపులో ఊరికే ఇచ్చేస్తారు కదా.

ఫిజియాలజీ_టీచర్
అక్కా, షాపులో కొని మాత్రం వేయొద్దు. లిథియం వాడేవాళ్ళకు థయాజైడ్ సొంతంగా వేస్తే ప్రాణాపాయం.

పైన చెప్పాను కదా, థయాజైడ్ వల్ల గొట్టం మొదటి భాగం సోడియాన్ని గట్టిగా లాగుతుందని. అక్కడ లిథియం కూడా సోడియం వెంటే లోపలికి పోతుంది. మూత్రాన్ని తగ్గించే దారే రక్తంలో లిథియాన్ని పెంచే దారి కూడా. మామూలుగా రక్తంలో 0.6 నుంచి 1.0 దాకా ఉంచే లిథియం పైకెళితే చేతులు వణకడం, వాంతులు, తూలడం, మాట తడబడడం మొదలవుతాయి.

లిథియం వల్ల వచ్చిన రకానికి డాక్టర్లు ఎక్కువగా అమిలోరైడ్ వైపు చూస్తారు. లిథియం సేకరణ నాళం కణాల్లోకి దూరే సోడియం ద్వారాన్నే అమిలోరైడ్ మూస్తుంది, విషం లోపలికి పోకుండా ఆపినట్టే. అయినా లిథియం స్థాయి, పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకుంటూ వాడాల్సిందే. ఉప్పు ఒక్కసారిగా తగ్గించినా లిథియం పెరుగుతుంది, కాబట్టి ఈ చర్చలోని ఉప్పు సలహాలు మీ చెల్లెలికి పెట్టొద్దు. లిథియం సొంతంగా ఆపొద్దు కూడా. మానసిక వైద్యుడు, నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) ఇద్దరూ కలిసి తేల్చాల్సిన విషయమిది.

కుప్పం_అక్క
ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు సార్. సోమవారమే తీసుకెళ్తాను.

కాళహస్తి_పిట్యూటరీ
నాది ఇంకో రకం, హార్మోన్ రానిది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి ఆపరేషన్ అయిన తర్వాత హార్మోన్ రావడం ఆగిపోయింది. డెస్మోప్రెసిన్ మాత్ర వాడుతున్నా, బాగానే ఉన్నా. మాత్ర ఖరీదు ఎక్కువ. ఈ థయాజైడ్ చవక కదా, రెండూ కలిపి వేసుకుంటే డెస్మోప్రెసిన్ తగ్గించుకోవచ్చా?

ఫిజియాలజీ_టీచర్
వద్దు తమ్ముడూ. మీ కిడ్నీ బాగానే ఉంది, లేనిది హార్మోన్. డెస్మోప్రెసిన్ ఆ లోటును నేరుగా తీరుస్తుంది. 1970లలో అది రాకముందు మీలాంటివాళ్ళకూ థయాజైడ్ వాడేవారు. ఇప్పుడు రెండూ కలిపితే నీరు లోపలే నిలిచిపోయి సోడియం బాగా పడిపోయే ప్రమాదముంది. తలనొప్పి, వికారం, అయోమయంతో మొదలై ఫిట్స్ దాకా పోతుంది. మీకు ఎప్పుడైనా బీపీ వచ్చి ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే, డెస్మోప్రెసిన్ వాడుతున్నానని ముందే చెప్పండి. చాలా బీపీ మాత్రల్లో థయాజైడ్ కలిసి ఉంటుంది. చీటీలో మాత్ర పేరు చివర హెచ్ అన్న అక్షరం చేరిందంటే అదేనేమో అడగండి.

స్టాఫ్‌నర్స్_చిత్తూరు
ఇంతసేపూ చదువుతున్నాను. రేణిగుంట అన్నకు ఒక్కటి చెప్పాలి, ఇది చాలా అవసరం.

నెఫ్రోజెనిక్ పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుని ఆసుపత్రికి వస్తే, నీరసంగా ఉన్నాడని ఎవరైనా అలవాటు ప్రకారం సెలైన్ బాటిలే ఎక్కిస్తారు. లీటరు సెలైన్లో 9 గ్రాముల ఉప్పుంటుంది. పైన సార్ వేసిన లెక్కే వేసుకోండి, ఆ లీటరు ఉప్పును పంపడానికి పిల్లోడు మూడు లీటర్లు పోయాలి. ఎక్కించేకొద్దీ సోడియం పెరుగుతుంది. నేనొకచోట పనిచేసేటప్పుడు చూశాను. పొద్దున వచ్చినప్పటికంటే సాయంత్రానికి పిల్లోడు ఇంకా మత్తులోకి వెళ్ళాడు. పెద్ద డాక్టరు వచ్చి 5 శాతం గ్లూకోజు బాటిల్‌కు మార్పించి, గంటల లెక్కన సోడియం చూస్తూ మెల్లగా దించారు. బీపీ పడిపోయి షాకులో ఉంటే సెలైన్ తప్పదు, అది వేరే సంగతి. మిగతా వేళల్లో ఇలాంటి పిల్లలకు నీళ్ళు, లేదా గ్లూకోజు నీళ్ళే కావాలి. అదీ రక్తపరీక్షలు చూసుకుంటూనే.

అందుకని మీ డాక్టరు గారి చేత ఒక ఎమర్జెన్సీ లెటర్ రాయించుకోండి. జబ్బు పేరు, మందులు, ఏ ద్రవం ఎక్కించాలి, ఏది వద్దు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ అందులో ఉండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి బడి సంచిలో, ఒకటి మీ ఫోన్లో. వాంతులు మొదలైతే థయాజైడ్ ఆ పూట వేయాలా వద్దా అన్నది కూడా ముందే అడిగి పెట్టుకోండి. ఓఆర్ఎస్ సంగతీ అడగండి, అందులోనూ ఉప్పుంటుంది.

పాకాల_సుధ
కొండకు తీసుకెళ్ళొచ్చా అక్కా? మా వాళ్ళ మొక్కు ఒకటి ఉండిపోయింది, భయపడి వెళ్ళడం లేదు.

చిత్తూరు_అమ్మ
మేం వెళ్ళొచ్చాం. నడకదారిన కాదు, బస్సులో. ఎండాకాలంలో అలిపిరి మెట్లు 3,550 ఎక్కించొద్దు, చెమటలో పోయే నీరు కూడా తోడవుతుంది. టైమ్ స్లాట్ టికెట్ ఉంటేనే బయల్దేరండి, ఎక్కువసేపు కంపార్ట్‌మెంట్లో కూర్చోవాల్సి వస్తే కష్టం. లోపలికి వెళ్ళగానే నీళ్ళెక్కడ, బాత్రూమ్ ఎక్కడ అని ముందు చూసుకున్నాం. పులిహోర తిన్న రోజు మా వాడు రాత్రి ఇంకో రెండుసార్లు ఎక్కువ లేచాడు, అంతకుమించి ఏమీ కాలేదు.

రేణిగుంట_నాన్న
అందరికీ చెప్పాలని మళ్ళీ వచ్చాను. మాత్ర మొదలుపెట్టిన మొదటి రెండు రోజులూ తేడా తెలియలేదు, మా అమ్మ మళ్ళీ నన్ను అనుమానంగా చూసింది. తర్వాత తగ్గడం మొదలైంది. కొలతల జగ్గులో పోయించి నోటుబుక్కులో రాస్తున్నాం. ముందు రోజుకు ఆరు లీటర్లకు పైగా ఉండేది, ఇప్పుడు నాలుగు లోపే. రాత్రి లేవడం తగ్గింది, అన్నం తింటున్నాడు. నీళ్ళతోనే కడుపు నిండిపోతే తిండి ఎలా తింటాడని ఇన్నాళ్ళూ ఆలోచించలేదు మేము.

రక్తపరీక్షలో సోడియం 143, పొటాషియం 3.3. పొటాషియం 3.5 కన్నా తగ్గిందని అమిలోరైడ్ కొంచెం పెంచారు. లెటర్ కూడా రాసిచ్చారు, మూడు జెరాక్సులు తీయించాను. ఇంకా తగ్గకపోతే ఇండోమెథాసిన్ ఆలోచిద్దాం అన్నారు. అదెలాంటిది?

ఫిజియాలజీ_టీచర్
చాలా సంతోషం. ఇండోమెథాసిన్ నొప్పి మాత్రల కుటుంబానికి చెందినది. కిడ్నీలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తగ్గించి మూత్రాన్ని తగ్గిస్తుంది, చిన్నపిల్లల్లో థయాజైడ్‌తో కలిపి వాడతారు. కడుపులో పుండ్లు, కిడ్నీ మీద భారం రెండూ ఉంటాయి, ముఖ్యంగా ఒంట్లో నీరు తగ్గిన రోజుల్లో. అందుకే మీ డాక్టరు గారు దాన్ని తొందరపడి మొదలుపెట్టలేదు. జ్వరమొచ్చినా, ఒళ్ళు నొప్పులన్నా షాపులో బ్రూఫెన్ లాంటివి తెచ్చి వేయొద్దు, పారాసిటమాల్ చాలు.

నోటుబుక్కు ఆపొద్దు. పక్కనే బరువు కూడా రాయండి. ఒక్కరోజులో బరువు తగ్గిపోతే, మూత్రం కొలత ఎంత బాగున్నా, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.

స్టాఫ్‌నర్స్_చిత్తూరు
వచ్చే పరీక్షలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్‌తో పాటు యూరిక్ యాసిడ్, షుగర్ కూడా రాయించుకో అన్నా. థయాజైడ్ ఆ రెండింటినీ పెంచొచ్చు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి కిడ్నీ స్కానింగ్ ఉంటుంది, మూత్రం ఎక్కువై గొట్టాలు ఉబ్బుతున్నాయేమో చూస్తారు. ఒంటికి వచ్చినప్పుడు ఆపుకోకుండా వెంటనే వెళ్ళమని బాబుకు చెప్పండి.